ఆవాలు ఎవరు?

మా మామగారు తాళాలు బాగుచేస్తారు. ఈ ముక్క చెబితే వినేవాళ్ళు ఓహో అని ఊరుకుంటారు. ఆయన పని చూసినవాళ్ళు మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోతారు. మొరాయించిన తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని, సన్నటి కమ్మీ లోపలికి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, జ్వరంతో మారాం చేసే పిల్లాడిని బుజ్జగించినట్టు ఏదో గొణుగుతారు. అది కాసేపు బెట్టు చేసి టక్కున ఊడివస్తుంది. గడప బయట పడిగాపులు కాస్తున్న ఇంటివాళ్ళు తలుపు మీద పడబోతారు. ఆయన మాత్రం గడియ మీద చెయ్యి వెయ్యరు. పక్కకు జరిగి, "మీ ఇల్లు, మీరే తెరుచుకోండి" అంటారు.

కాపురానికి వచ్చిన కొత్తలో నాకిదంతా వేషాల్లా కనిపించేది. తాళం తీసిన మనిషికి తలుపు తోయడానికేం నొప్పి! తరవాత దుకాణంలో ఆయన పక్కన కూచోవడం మొదలుపెట్టాక తెలిసింది, ఈయనకి ఇలాంటి పట్టింపులు బోలెడున్నాయని, వాటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ కదపలేరని.

వాటిలో పెద్దది బిళ్ళ. మార్కెట్టు మలుపులో గోడ వారన గోనెపట్టా పరుచుకుని, ఒక ఆకురాయి, ఒక పట్టకారు, తీగె నిండా పాత తాళంచెవులు పెట్టుకుని కూచున్న రోజుల నుంచీ ఆయనది అదే పద్ధతి. మరమ్మతుకి వచ్చిన ప్రతి తాళంచెవికీ ఒక రేకు బిళ్ళ కడతారు. బిళ్ళ మీద పేరు రాయరు, వీధి రాయరు, ఫోన్ నంబరు అసలే రాయరు. "పేరు రాసిన బిళ్ళ పోయిందంటే దొంగకి దారి చూపించినట్టే" అంటారు. ఆ మనిషిని చూడగానే తనకేది తడితే ఆ మాట చెక్కుతారు. పళ్ళ డాక్టరు తాళంచెవికి 'తుమ్ము' అని ఉంటుంది. ఆయన మా షాపులో ఇనప రజను పీల్చి ఎప్పుడో తుమ్మి ఉంటాడు. ఇస్త్రీ చేసే ఆవిడది 'రేడియో'. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ బిళ్ళ ఎవరిదో మామయ్యకి ఒక్కరికే తెలుసు, తడుముకోకుండా తీసి ఇచ్చేవారు. ఒకసారి నేను పరధ్యానంలో, "డాక్టరు గారూ, మీ తుమ్ము రెడీ అయింది" అనేశాను. ఆ పెద్దమనిషి ఇటూ అటూ చూసి జేబులోంచి రుమాలు తీశాడు.

రెండో పట్టింపు నంబరు. మా షాపు షట్టరుకి తాళం ఒకటే. తాళంచెవులు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళ కొక్కొక్కటి, అన్నీ మామయ్యే రాకి చేశారు. ఒక్కోదాని తల మీద ఒక్కో నంబరు ఉలితో కొట్టారు. ఎక్కడైనా ఒకటి దొరికితే ఏ మహానుభావుడు పారేసుకున్నాడో వెంటనే తెలిసిపోవాలని.

ఇలా హాయిగా సాగుతున్న మా షాపులోకి కంప్యూటరు వచ్చింది. కార్ల తాళంచెవుల కోసం వచ్చిందది. ఇప్పటి కార్లకి ఆకురాయి పెట్టి రాస్తే కుదరదట. కొలతలు కంప్యూటర్లో ఉంటే, దానికి కలిపిన మిషను తనంతట తనే పళ్ళు కోస్తుంది. అమర్చడానికి వచ్చిన కంప్యూటరు మెకానిక్కు మామయ్యని కుర్చీలో కూచోబెట్టి పాఠం చెప్పాడు. ఒకే కంప్యూటరైనా ఎవరి ఖాతా వాళ్ళకి పెట్టుకోవచ్చట. ఎవరు ఏది చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు చెరపొచ్చు అన్నది విడివిడిగా పెట్టుకోవచ్చట. అందరి మీదా అధికారం ఉన్న ఖాతా ఒకటి ఉంటుంది, దాన్ని అడ్మినిస్ట్రేటర్ అంటారు, ఏ కొత్తది వెయ్యాలన్నా దాని పాస్‌వర్డే కావాలి. అని చెప్పి, మామయ్య కోసం 'ఓనర్' అని ఒక ఖాతా తయారుచేసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

మామయ్య మొహం వెలిగిపోయింది. "ఇందులో కొత్తేముంది? ఇది మన పనేగా!" అన్నారు. మర్నాడంతా మమ్మల్ని కంప్యూటరు దరిదాపులకి రానివ్వలేదు.

ఆ మర్నాడు ఆన్ చేస్తే తెర మీద నాలుగు పేర్లున్నాయి. సుత్తి. ఆవులింత. బల్ల. ఆవాలు. 'ఓనర్' లేదు.

నేను కళ్ళు నులుముకున్నాను. మామయ్య మమ్మల్నందరినీ బిళ్ళలు చేసేశారు. పైగా వివరంగా ఏమీ చెప్పలేదు. ఎవరి మాట వాళ్ళ చెవిలో వేస్తే చాలట, పక్కవాడిది మనకెందుకట. మా ఆయన్ని పక్కకి పిలిచి, "నువ్వు సుత్తి. పాస్‌వర్డు నీ తాళంచెవి నంబరే" అన్నారు. మా ఆయన మొహం ముడుచుకున్నాడు కానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. తెరుచుకోనిది ఏదైనా ఒక్కటిచ్చుకుంటే తెరుచుకుంటుందని నమ్మే మనిషి. మామయ్య తమ్ముడు, మా చిన్నమామయ్య, 'ఆవులింత'. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు, ఆ చెవిలో మాట వింటూనే ఆవులించారు. 'బల్ల' అంటే బల్ల దగ్గర ఎవరు కూచుంటే వాళ్ళది, పాస్‌వర్డు లేదు. ఇక 'ఆవాలు' మిగిలింది. ఇద్దరికి రెండు అయ్యాయి, ఒకటి అందరిది, కాబట్టి నాలుగోది పెద్దాయనదే అనుకున్నాం. 'ఓనర్' అన్నది ఇంగ్లీషులో ఉందని, బిళ్ళ భాషలోకి మార్చుకున్నారనుకున్నాం. ఎందుకు ఆవాలు అని ఎవరూ అడగలేదు. తుమ్ములకీ రేడియోలకీ అలవాటుపడిన వాళ్ళం, ఆవాల దగ్గర ఆగుతామా!

నా సంగతి చెప్పాలి. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు ఆ బల్ల దగ్గర కూచునేది నేను. వచ్చినవాళ్ళతో మాట్లాడేది నేను. నాకు ఖాతా లేదు! పగలు సగం గుర్రుపెట్టే చిన్నమామయ్యకి ఉంది, నాకు లేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ అడగలేదు. అడిగి పెట్టించుకోవడం నా నైజం కాదు. బల్ల ఖాతాలోనే కూచుని, మౌస్‌ని కాస్త గట్టిగా నొక్కుతూ నా కోపం తీర్చుకున్నాను.

అనుమతుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల తిరుగుతుంది. కొలతలన్నీ ఒక ఫోల్డర్లో పెట్టారు. సుత్తి వాటిని చూడొచ్చు, మార్చకూడదు. ఆవులింత మార్చొచ్చు, మిషనుకి పంపకూడదు. మిషనుకి పంపేది బల్ల ఒక్కటే, కానీ బల్లకి పాత కొలతలు కనిపించవు. ఎవరైనా కారు తాళంచెవి కోసం వస్తే, మా ఆయన వచ్చి కూచుని కొలత వెతికి, లేచి, చిన్నమామయ్యని లేపి, ఆయన కూచుని అదేదో సరిచేసి, ఆవులించి, లేచి, అప్పుడు నేను కూచుని మీట నొక్కాలి. కుర్చీలాట ఆడుతున్నామనుకుని వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకరోజు ఎంత తెరిచినా ఒక ఫైలు తెరుచుకోలేదు. 'ఈ ఫైలు ప్రస్తుతం ఆవులింత వాడుకలో ఉంది' అని చూపించింది. ఆవులింత అప్పటికి ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నారు.

"ఏంటి నాన్నా ఇదంతా? మనం నలుగురం, ఒక షాపు. ఎవరి మీద అనుమానం నీకు?" అని మా ఆయన విసుక్కున్నాడు.

"అనుమానం కాదురా. బ్యాంకు లాకరు ఒక్క తాళంచెవితో తెరుస్తారేంట్రా? మన దగ్గరున్నవి ఊళ్ళోవాళ్ళ తలుపులు. ఒక్కడి చేతిలో మొత్తం ఉండకూడదు" అన్నారు మామయ్య.

"మరి ఆవాలు చేతిలో మొత్తం ఉందిగా?"

"అది వేరు" అన్నారాయన.

ఆ తరవాత మామయ్య ఇంకో పని పెట్టుకున్నారు. తన తలలో ఉన్న కొలతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం. రోజూ మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక నా పక్కన స్టూలు వేసుకుని, బిళ్ళ మాట చెప్పి, ఒక్కో పన్ను లోతూ చెప్పేవారు. నేను కొట్టేదాన్ని; కొట్టినవి వేరే ఫోల్డర్లో పడేవి, అందులో వెయ్యడమే తప్ప తెరిచి చూడటం ఆవాలుకి తప్ప ఎవరికీ కుదరదట. 'గాలిపటం', 'పెరుగు', 'ఎడమచెయ్యి', 'బూటు'... ఎన్నేళ్ళ కిందటివో అన్నీ! చూసుకోవడానికి ఎదురుగా కాగితం ముక్క ఉండేది కాదు. నేను వేళ్ళు నొప్పులని గొణిగితే, "ఇంకొంచెం అమ్మా, ఉన్నప్పుడే కానిచ్చేద్దాం" అనేవారు. ఉన్నప్పుడే అంటే తీరిక ఉన్నప్పుడే అనుకున్నాను.

మొదట్లో చిన్నచిన్నవే. కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతకడం ఎవరైనా చేస్తారు. ఆకురాయి ఇంటికి తీసుకెళ్ళి చెంచాల పక్కన పెట్టారు, నవ్వుకున్నాం. ఆ తరవాత ఒకరోజు ఇస్త్రీ ఆవిడ రుసరుసలాడుతూ వచ్చింది. ఆవిడ చేతికి డాక్టరు క్లినిక్కు తాళంచెవి వెళ్ళింది. డాక్టరు చేతికి ఆవిడ ఇంటిది వెళ్ళింది. ఇద్దరూ మంచివాళ్ళు, తెచ్చి ఇచ్చేశారు. మా ఆయన మొహం తెల్లబోయింది. తాళాల షాపులో ఇంతకు మించిన తప్పు ఇంకేం ఉంటుంది? మామయ్య ఆ రెండు తాళంచెవులనీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తరవాత నా వైపు ఒరిగి, ఎవరికీ వినిపించకుండా అడిగారు.

"అమ్మాయ్, తుమ్ము అంటే ఎవరు?"

నాకు నవ్వు రాలేదు. నిజంగా భయం వేసింది. చెప్పాను. "ఆఁ, ఆయనే కదా" అన్నారు, అప్పటిదాకా తనకీ తెలుసన్నట్టు.

ఆ రోజు నుంచి మా ఆయన ఆయన్ని బిళ్ళలు ముట్టుకోనివ్వలేదు. మామయ్య వచ్చి స్టూలు మీద కూచుంటారు, ఆకురాళ్ళకి నూనె రాస్తారు, వచ్చినవాళ్ళని పలకరిస్తారు. అంతే. ఆ కాస్తకే పొద్దున్నే అందరికంటే ముందు తయారై, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతారు.

అలాంటి సమయంలో మిషను ఆగిపోయింది. ఆగిపోవడమంటే చెడిపోవడం కాదు. దాన్ని నడిపే ప్రోగ్రాము పాతబడిందట, కొత్తది వేసుకుంటేనే కదులుతానని కూచుంది. సరే వేసుకో అని నొక్కాం. ఒక పెట్టె పైకి లేచింది. 'కొనసాగించడానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు ఇవ్వండి'. దాని కింద పేరు, ఆవాలు.

"నాన్నా, నీ తాళంచెవి ఇటివ్వు" అన్నాడు మా ఆయన. తీసుకుని, తల మీద నంబరు చూసి కొట్టాడు. తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. తప్పే.

"పాస్‌వర్డు మార్చావా నాన్నా?"

"లేదే. నేనెందుకు మారుస్తాను?"

"మరి ఇది తీసుకోవట్లేదుగా."

మామయ్య తెర దగ్గరికి మొహం పెట్టి ఆ మాట కూడబలుక్కుని చదివారు. "ఆవాలు... ఆవాలు నాదేనా?"

"నీది కాకపోతే ఎవరిది నాన్నా?"

"నాదే అయ్యుంటుంది. మార్చానేమో" అన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది. తాళం ముందు ఆ మనిషి ఎన్నడూ 'ఏమో' అని ఎరుగరు.

కంప్యూటరు మెకానిక్కుని పిలిపించాం. అతను అదీ ఇదీ నొక్కి, పెదవి విరిచాడు. "పాస్‌వర్డు లేకపోతే నాకు తెలిసిన దారి ఒక్కటే అండీ. మొత్తం తుడిచేసి కొత్తగా వేసుకోవాలి."

"కొలతలు?" అని అడిగాను.

"అవీ పోతాయి. పక్కకి తీసుకుందామన్నా ఆవాలే ఒప్పుకోవాలి."

ఒక కొత్త హాస్టలు గదులన్నిటికీ తాళంచెవులు ఒప్పుకుని ఉన్నాం. వాళ్ళు రోజూ ఫోను చేస్తున్నారు. మా ఆయన రెండు చేతులతో తల పట్టుకుని కాసేపు కూచుని, లేచి నాతో అన్నాడు. "ఆదివారం దాకా చూస్తాను. నాన్నకి గుర్తొస్తే సరే. రాకపోతే తుడిపించేస్తాను. ఆ తరవాత నాన్న షాపుకి రావద్దు. ఇంట్లోనే ఉండాలి."

"ఇంట్లో ఏం చేస్తారు?"

"రెస్టు తీసుకుంటారు."

"ఆయనకి జబ్బేం చేసిందని రెస్టు?"

"నువ్వు చూడట్లేదా?" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. అతని మాటలో తప్పు లేదని కూడా నాకు తెలుసు. 

ఆ నాలుగు రోజులూ మేం కొట్టని నంబరు లేదు. అత్తయ్య పుట్టినరోజు, షాపు తెరిచిన రోజు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు ముందు నుంచి, వెనక నుంచి. ఎక్కువసార్లు తప్పు కొడితే, 'కాసేపాగి ప్రయత్నించండి' అని కంప్యూటరు ముఖం తిప్పుకునేది. చిన్నమామయ్య మెలకువగా ఉన్న కాసేపూ సలహాలిచ్చారు. "అన్నయ్యకి మొదటినుంచీ లెక్కలంటే ఇష్టం, ఎక్కాలు కొట్టి చూడండి" అన్నారు. ఏ ఎక్కం అని అడిగేలోపు కునుకు పట్టేసింది.

నేను మామయ్యని డొంకతిరుగుడుగా అడిగి చూశాను. సూటిగా అడిగితే ఆయన మొహం చిన్నబోతోంది. కాఫీ ఇస్తూ, మాటల్లో మాటగా, "మామయ్యా, ఆవాలంటే మీకెందుకు గుర్తుండిపోయాయి?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "చిన్నవి కదమ్మా. కానీ ఊరుకోవు."

"అంటే?"

"ఏమో. అలా అనిపించింది." మళ్ళీ ఆలోచించి, "అది నాకు చాలా ఇష్టమైన బిళ్ళ అమ్మా. ఎవరిదో మాత్రం..." అని ఆగిపోయారు.

నాకు అంతా అయోమయంగా ఉంది. తన బిళ్ళ తనకి ఇష్టమని ఎవరైనా అంటారా? మామయ్య ఎప్పుడూ తన కోసం బిళ్ళ చెక్కుకోవడం నేను చూడలేదు. ఆ మాట తోచింది కానీ, దాన్ని పట్టుకుని ఎటు వెళ్ళాలో తోచలేదు. తుమ్మునే మర్చిపోయిన మనిషి మాట ఎంతవరకు నమ్మను? నమ్మకుండా ఎలా ఉండను?

శనివారం సాయంత్రం అందరం భోజనాలకి కూచున్నాం. మామయ్య ముందే తిని గదిలోకి వెళ్ళారు. మా ఆయన, "రేపు మెకానిక్కుని రమ్మన్నాను. అమ్మా, సోమవారం నుంచి నాన్న ఇంట్లో ఉంటారు, నువ్వు కాస్త చూసుకోవాలి" అన్నాడు, నీళ్ళు పోసుకుంటూ, కరెంటు పోతుందని చెప్పినంత తేలిగ్గా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పొద్దున్నే తయారై గుమ్మంలో నిలబడతారే, అప్పుడాయనకి ఎవరు చెబుతారు? మీరు చెబుతారా? ఆ షాపులో ప్రతి మేకూ ఆయన కొట్టింది. తుడిపించేస్తారట! నేను వేళ్ళు అరిగేలా కొట్టిన కొలతలు, ఆయన బుర్రలోంచి ఒక్కొక్కటే తీసి ఇచ్చినవి, అవి ఇప్పుడు ఆయన దగ్గర కూడా లేవు, తెలుసా మీకు? అడిగి చూశారా ఎప్పుడైనా? కొట్టడం తప్ప మీకింకేం వచ్చు?" అని దులిపేశాను. ఊపిరి తిప్పుకోకుండా ఇంకా చాలా అన్నాను.

నేను ఆగేసరికి అత్తయ్య పళ్ళెంలోకి చూస్తూ, పెదవులు బిగబట్టినా ఆగక, "పడ్డాయి ఆవాలు నూనెలో" అనేశారు.

"ఏమన్నారు అత్తయ్యా?"

అత్తయ్య నాలిక్కరుచుకున్నారు. "ఏం లేదమ్మా."

"కాదు, చెప్పండి."

"మీ మామయ్య అనేమాటేలే. నువ్వొచ్చిన కొత్తలోనే పెట్టారు. నీకు కోపమొచ్చినప్పుడల్లా నాతో అనేవారు, 'అదిగో, మన ఆవాలు చిటపటలాడుతున్నాయి, ఇంక ఇంట్లో తిండికి రుచి వస్తుంది' అని. నిన్ను ఆ పేరుతో తప్ప నా దగ్గర ఎప్పుడు పిలిచారు గనక? నువ్వు బాధపడతావని నీ ఎదురుగా అనలేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా? కంప్యూటర్లో ఆవాలు, ఆవాలు అని మేం తలలు బద్దలు కొట్టుకుంటున్నాం!"

"నాకేం తెలుసమ్మా మీ కంప్యూటర్లో ఏమున్నాయో? మీరు పాస్‌వర్డు పాస్‌వర్డు అన్నారు కానీ, ఆవాల సంగతి నాకెవరు చెప్పారు?"

మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతని చేతిలో ముద్ద అలాగే ఉంది.

పొద్దున్నే షాపుకి వెళ్ళాం. మామయ్య మామూలుగానే అందరికంటే ముందు తయారయ్యారు, వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. మా ఆయన షట్టరు ఎత్తుతుండగానే నేను లోపలికి దూరి కంప్యూటరు పెట్టాను. ఆవాలు మీద నొక్కాను. నా తాళంచెవి తీసి తల మీద నంబరు చూశాను. ఎంతమంది నంబర్లు కొట్టాం! నాది కొట్టి చూడాలని ఒక్కసారీ తోచలేదు. నాకు ఖాతా లేదన్న కోపంలో ఎంత కుదురుగా కూచున్నానంటే, ఉందేమో అన్న అనుమానం కూడా దగ్గరికి రాలేదు.

నంబరు కొట్టాను. తెరుచుకుంది.

కొలతలన్నీ ఉన్నాయి. గాలిపటం, పెరుగు, బూటు, ఒక్కటీ పోలేదు. మెకానిక్కు చూపించిన చోటికి వెళ్ళి ఎవరి ఖాతా ఏమిటో చూశాను. సుత్తి, మామూలు. ఆవులింత, మామూలు. బల్ల, మామూలు. ఆవాలు, అడ్మినిస్ట్రేటర్. మామయ్యకంటూ ఏదీ లేదు. 'ఓనర్' పేరు మార్చుకోలేదు. ఆ ఒక్క రోజులోనే మామయ్య దాన్ని చెరిపేసి, అధికారమంతా నా పేరున పెట్టి, తాను అందరితో పాటు బల్ల మీదికి వచ్చేశారు. అప్పటికి మాలో ఎవరం ఏమీ గమనించలేదు. ఆయనకి మాత్రం తెలిసినట్టుంది.

ప్రోగ్రాముకి అనుమతి ఇచ్చాను. మిషను కుయ్యిమని మూలిగి కదిలింది. ఆ చప్పుడుకి మామయ్య స్టూలు మీద నుంచి తల తిప్పారు. మా ఆయన షట్టరు కొక్కెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. అక్కడి నుంచే తెర మీద పేర్లన్నీ చదివాడు. తన పేరు పక్కన 'మామూలు' అని ఉండటం కూడా చదివే ఉంటాడు, చెవులు ఎర్రబడ్డాయి.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి కోపం తెచ్చుకున్నాను. "మామయ్యా, ఇది నాదా? మొత్తం నా చేతిలో పెట్టారా? కన్నకొడుకుని పెట్టుకుని నాకెందుకిచ్చారు?"

ఆయన లేచి వచ్చి తెర చూశారు. ఆవాలు అన్న మాట మీద వేలు పెట్టారు. నా మొహం చూశారు. చూస్తుండగానే ఆయన కళ్ళలో ఏదో సర్దుకుంది. "నువ్వే కదూ" అన్నారు. "వాడు తెరుచుకోకపోతే పగలగొడతాడమ్మా. నువ్వు తిట్టుకుంటావు, గొణుక్కుంటావు, కానీ వదిలిపెట్టవు. తాళానికి అలాంటి మనిషే కావాలి."

"మరి నాకు చెప్పలేదేం మామయ్యా? అందరికీ చెవిలో చెప్పారే?"

"చెప్పానుగా అమ్మా."

నేను తల అడ్డంగా ఊపబోయి ఆగిపోయాను. ఆయన నా వైపు చూశారు, గుమ్మంలో ఉన్న కొడుకు వైపు చూశారు, మళ్ళీ నా వైపు. చూపుడువేలు ఇంకా ఆ మాట మీదే ఉంది. "చెప్పలేదా?" అన్నారు.

"చెప్పారు మామయ్యా. నేనే మర్చిపోయాను."

మామయ్య హమ్మయ్య అన్నట్టు నవ్వేశారు. ఎన్నాళ్ళకో అంత గట్టిగా నవ్వారు. "ఇంత మతిమరుపైతే ఎలాగమ్మా? తాళాల షాపులో కూచునేదానివి. ఎవరిది ఎవరికి ఇచ్చేస్తావో ఏమో!" అని, గుమ్మం వైపు తిరిగి, "చూశావురా దీని వ్యవహారం?" అన్నారు.

మా ఆయన కొక్కెం గోడకి ఆనించాడు. గొంతు సవరించుకున్నాడు. 

"చూశాను నాన్నా. దీన్ని ఒక్కదాన్నే వదలకూడదు. నువ్వు రోజూ వచ్చి పక్కన కూచుని కనిపెట్టుకుని ఉండాలి."

"ఉండాలి మరి" అన్నారు మామయ్య, స్టూలు నా కుర్చీ పక్కకి లాక్కుంటూ.